తుప్పు మీద రంగు

గుడివాడలో ఒక ఇల్లు. ఇంటి ముందు వేపచెట్టు. చెట్టు కింద పాత అంబాసిడర్ కారు. తెల్ల రంగు కారు. 1998లో కొన్నది.

ఆ కారు ఆ ఇంటి మామగారిది. ఆయనకు బందరులో ఉద్యోగం. మచిలీపట్నాన్నే బందరు అంటారు. చాలా ఏళ్లు కారు అక్కడే తిరిగింది. సముద్రపు గాలిలోనే ఉంది. ఉద్యోగం అయిపోయాక ఆయన గుడివాడ వచ్చేశారు. రెండేళ్ల కిందట పోయారు. అప్పటి నుంచి కారు కదల్లేదు.

కారు మీద వేపాకులు రాలాయి. వానలు కురిశాయి. తలుపుల అడుగున ఎర్రటి మచ్చలు వచ్చాయి. సీట్లు చిరిగాయి. లోపల ముక్క వాసన.

ఒకరోజు పాత ఇనుము కొనే అతను వచ్చాడు. "తూకానికి ఇచ్చేయండమ్మా" అన్నాడు. అత్తకు మనసొప్పలేదు.

తర్వాత ఒక బ్రోకరు వచ్చాడు.

"దివిసీమలో ఒకాయన పాత అంబాసిడర్ అడుగుతున్నాడు. పైన పట్టీ పెట్టి రంగు కొట్టించండి. కొత్త సీటు కవర్లు తొడగండి. మంచి రేటు వస్తుంది. అడుగున ఎవరు చూస్తారు?" అన్నాడు.

కొడుక్కి ఈ మాట నచ్చింది. చేతిలో డబ్బు లేదు. పిల్లల ఫీజులు కట్టాలి.

అత్త వెంటనే ఏమీ అనలేదు. "ముందు కారు కడుగుదాం. తర్వాత మాట్లాడుకుందాం" అంది.

అత్త ఈ మధ్యే చదవడం, రాయడం నేర్చుకుంది. కోడలు ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఇద్దరూ కొంగులు బిగించి పనిలో దిగారు.

మ్యాటు కింద

కోడలు కారు లోపలి మ్యాటు ఎత్తింది. మ్యాటు కింద పీచు పట్ట ఉంది. అది తడిగా ఉంది. బయట ఎండ కాస్తోంది. వాన కురిసి నెల దాటింది. అయినా పట్ట ఆరలేదు.

పట్ట కింద రేకు ఎర్రగా ఉంది. పొరలు పొరలుగా లేచింది. కోడలు స్క్రూడ్రైవరుతో పొడిచి చూసింది. అది కిందికి దిగిపోయింది. చిల్లులోంచి నేల కనిపించింది.

"అత్తయ్యా, ఇలా రండి. చూడండి" అని పిలిచింది.

అత్త వంగి చూసింది. కొడుకునూ పిలిచింది.

"ఒరే, పైన రంగు కొడితే ఇది కనపడదు. నిజమే. కానీ కొన్నవాళ్ల పిల్లలు ఈ రేకు మీదే కాళ్లు పెడతారు గదా" అంది.

కొడుకు తల దించుకున్నాడు. బ్రోకరుకు ఫోను చేసి, ఇప్పుడే కాదని చెప్పాడు.

తుప్పు ఎలా పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా తొందరగా పడుతుంది.

వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఉప్పు చెమర్చి ఉంటుంది. ఉప్పుకు గాలిలోని తేమను లాగే గుణం ఉంది. సముద్రపు గాలిలో సన్నటి ఉప్పు తుంపర ఉంటుంది. అది కారు రేకు మీద పడుతుంది. తేమను లాగుతుంది. రేకు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. బందరు, గిలకలదిండి, నాగాయలంక, కోడూరు వైపు ఇది అందరికీ అనుభవమే. కిటికీ ఊచలు, సైకిలు గొలుసులు తొందరగా తుప్పు పడతాయి.

దివిసీమ వాళ్లకు ఉప్పునీటి సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ల మీద పడింది. వేలమంది చనిపోయారు. నీళ్లు తీశాక పొలాల్లో ఉప్పు మిగిలింది.

వరద నీళ్లు కూడా బండికి చేటే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. విజయవాడలో ఎన్నో బళ్లు నీట మునిగాయి. పైన బురద కడిగితే బండి మెరుస్తుంది. తలుపుల లోపల, మ్యాట్ల కింద మాత్రం బురద అలాగే ఉంటుంది. పాత బండి కొనేవాళ్లు ముందు మ్యాటు ఎత్తి చూడాలి.

తుప్పు ఒకచోట ఆగదు. తుప్పు పొర ఉబ్బి రాలిపోతుంది. కింద కొత్త ఇనుము బయటపడుతుంది. దానికీ తుప్పు పడుతుంది. అందుకే తుప్పు మీద రంగు వేస్తే నిలవదు. కొన్నాళ్లకు రంగు బుడగలా లేస్తుంది.

సుద్దముక్కతో రెండు గుర్తులు

మర్నాడు టింకరు మేస్త్రి వచ్చాడు. టింకరు అంటే కారు రేకు పని చేసేవాడు. ఆయన కారు చుట్టూ తిరిగి చూశాడు.

"అమ్మా, లారీకి కింద ఛాసిస్ విడిగా ఉంటుంది. బరువంతా అది మోస్తుంది. అంబాసిడర్‌కు అలా ఉండదు. ఈ రేకు బాడీయే బరువు మోస్తుంది. పై మడ్‌గార్డుకు తుప్పు పడితే అందం పోతుంది. కింది రేకుకు తుప్పు పడితే ప్రాణం మీదికి వస్తుంది" అన్నాడు.

అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును చూసి చేసిన బండి. హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారు చేసేది. 1950ల చివర మొదలైంది. 2014లో తయారీ ఆగిపోయింది. ఇక కొత్త బండి రాదు. ఉన్నవాటిని బాగు చేసుకోవాల్సిందే.

మేస్త్రి రెండు పరీక్షలు చూపించాడు.

మొదటిది చప్పుడు. చిన్న సుత్తితో రేకును మెల్లగా తట్టాలి. మంచి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన రేకు డబడబలాడుతుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూడమూ? ఇదీ అంతే.

రెండోది అయస్కాంతం. దానికి మెత్తటి గుడ్డ చుట్టాలి. రంగు గీసుకోకుండా రేకు మీద జరపాలి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది. మందంగా పట్టీ పెట్టినచోట అతుక్కోదు. పైకి నున్నగా ఉన్నా, లోపల ఏముందో అయస్కాంతం చెబుతుంది.

అత్త సుద్దముక్క తెచ్చింది. పైపైన తుప్పు ఉన్నచోట "మ" అని రాసింది. అంటే మన పని. పుచ్చిన చోట "వె" అని రాసింది. అంటే వెల్డింగు.

"వె" గుర్తు మూడు చోట్ల పడింది. కాళ్లు పెట్టే రేకు మీద. కుడి తలుపుల కింద ఉండే పెట్టె రేకు మీద. జాకీ పెట్టే చోట. సీటు బిగించే బోల్టుల దగ్గర, సీటు బెల్టు బిగించే చోట, స్ప్రింగులు తగిలించే చోట కూడా చూశారు. అక్కడ రేకు గట్టిగానే ఉంది.

"ఈ మూడు చోట్లా పట్టీతో పూడ్చకూడదు. పుచ్చిన రేకు కోసేసి కొత్త రేకు అతకాలి. అది షెడ్డులోనే చేయాలి. సీట్లు, మ్యాట్లు, బ్యాటరీ ముందే తీసేయాలి. పెట్రోలు ట్యాంకు సంగతి నేను చూసుకుంటాను. గీకుడు పని మీరు చేసుకుంటే కూలి ఖర్చు తగ్గుతుంది" అన్నాడు మేస్త్రి.

ముందు ఆర్‌సీ చూడాలి

ఖర్చు పెట్టే ముందు కాగితాలు చూడాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత రవాణా శాఖ కార్యాలయంలో బండి చూపించి తిరగరాయించుకోవాలి. అందుకు 25వ నంబరు ఫారం నింపాలి. అప్పుడు ఇంకో ఐదేళ్లకు ఇస్తారు. ఆ పైన ఐదేళ్లకోసారి అంతే.

అత్త ఆర్‌సీ తీసింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది. మామగారు 2023లో తిరగరాయించారు. 2028 దాకా ఉంది.

ఆర్‌సీలో బండి రంగు కూడా రాసి ఉంటుంది. వేరే రంగు వేయాలంటే ముందు కార్యాలయంలో అడగాలి. వాళ్లు తెల్ల రంగే వేద్దామనుకున్నారు.

గీకడం, కడగడం

సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టారు. వానలు లేవు. తుఫానుల రోజులు దాటాయి. రంగు పనికి పొడి గాలి కావాలి.

కోడలు ముందు తలుపుల అడుగు చూసింది. ప్రతి తలుపుకూ అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం మీద పడ్డ వాన నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. ఆ రంధ్రాల నుంచి బయటికి పోతాయి. దుమ్ము పేరుకుని రంధ్రాలు మూసుకుపోయాయి. నీళ్లు లోపలే నిలిచాయి. అందుకే అక్కడ తుప్పు. చీపురుపుల్లతో రంధ్రాలు శుభ్రం చేసింది. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత కారు అంతా సబ్బునీళ్లతో కడిగారు. మంచినీళ్లతో మళ్లీ కడిగారు. ఉప్పు పోవాలంటే కడగడం ముఖ్యం. ఎండలో బాగా ఆరనిచ్చారు.

ఇక గీకడం. ఉప్పుకాగితం వెనుక ఒక అంకె ఉంటుంది. 80, 180, 320, 400 అని. అంకె చిన్నదైతే కాగితం గరుకు. అంకె పెద్దదైతే నునుపు. తుప్పుకు 80. పాత రంగు అంచులకు 180. పట్టీ నున్నగా చేయడానికి 320. రంగుకు ముందు 400. మేస్త్రి ఈ అంకెలు చెప్పాడు. అత్త కాగితాలు వరుసగా పేర్చుకుంది.

పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. సీసం పిల్లల మెదడుకు చేటు చేస్తుంది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని నియమం వచ్చింది. అది 2017 నవంబరు నుంచి అమలైంది. ఈ కారు రంగు అంతకంటే పాతది. అందుకే పాత రంగును పొడిగా రుద్దలేదు. నీళ్లు చల్లి రుద్దారు. మూతికి మాస్కు కట్టుకున్నారు. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. రాలిన మడ్డిని తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టారు. చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టారు. రుద్దిన రేకును వెంటనే తుడిచి ఎండలో ఆరబెట్టారు.

జాకీ మీద ఎత్తిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు ఆసరా పెట్టకూడదు. బరువుకు ఇటుక పగిలిపోతుంది. ఇనుప స్టాండ్లు ఉంటేనే కిందికి వెళ్లాలి.

కోడలికి చేతులు నొప్పి పుట్టాయి. "ఎంత గీకినా తరగదేంటి అత్తయ్యా?" అంది.

అత్తది పెడన. పుట్టింట్లో కలంకారీ పని చూసి పెరిగింది. "అమ్మాయ్, పెడనలో గుడ్డను ముందు బాగా ఉతుకుతారు. కరక్కాయ నీళ్లలో ముంచుతారు. ఎండబెడతారు. అప్పుడే అద్దకం పడుతుంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసు కూడా అంతే. రాగిని శుభ్రం చేస్తేనే పైన బంగారం పూత నిలుస్తుంది. పూత గొప్ప కాదు. కింద ఎంత శుభ్రం చేశామన్నదే గొప్ప" అంది.

పూతలు

గీకిన రేకును అలాగే వదిలితే రాత్రి మంచుకు మళ్లీ తుప్పు పడుతుంది. అందుకే ఏ రోజు గీకింది ఆ రోజే పూత వేశారు. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టేవారు. సాయంత్రం నాలుగింటికల్లా ముగించేవారు.

మొదటి పూత ప్రైమర్. ఇది రేకుకూ రంగుకూ మధ్య పట్టు. సొట్టలు ఉన్నచోట పట్టీ పెట్టారు. పట్టీని గట్టిపడే మందుతో కలపాలి. మామూలుగా 100 పాళ్లు పట్టీకి 2 పాళ్లు మందు. ఈ లెక్క డబ్బా మీద రాసి ఉంటుంది. మందు తక్కువైతే గట్టిపడదు. ఎక్కువైతే పగులుతుంది. కలిపాక కొద్ది నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. కాబట్టి కొంచెం కొంచెంగానే కలుపుకోవాలి.

పట్టీ పలుచగా పెట్టాలి. గోడకు సున్నం ఒకేసారి మందంగా కొడితే పెచ్చులూడుతుంది. ఇదీ అంతే. పట్టీ నీళ్లు పీలుస్తుంది. కాబట్టి దాన్ని తడిపి రుద్దకూడదు. పొడిగానే రుద్దాలి. మాస్కు తీయకూడదు. రుద్దాక దాని మీద కూడా ప్రైమర్ వేయాలి.

లోపలి రేకుకు, తలుపుల అడుగుకు అత్తా కోడలూ బ్రష్షుతో రంగు వేశారు. పై రంగు మాత్రం మేస్త్రి షెడ్డులో స్ప్రే చేశాడు. గట్టిపడే మందు కలిపిన స్ప్రే రంగులు ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆ పని ఇంటి దగ్గర చేయకూడదు.

థిన్నర్ డబ్బా పొయ్యి దగ్గర పెట్టకూడదు. మంచినీళ్ల సీసాలో పోయకూడదు. పిల్లలు తాగే ప్రమాదం ఉంది.

సీట్లు

సీట్ల పని కోడలిది. పాత కవర్లను ఆమె చింపలేదు. కుట్టు వెంట మెల్లగా విప్పింది. ఏ ముక్క ఎక్కడిదో వెనుక అంకె వేసింది. 1, 2, 3 అని. పాత ముక్కలే కొత్తవాటికి కొలత. పాత ముక్క సాగి ఉంటే ఆ మేరకు తగ్గించింది. కుట్టుకు అర అంగుళం వదిలింది.

రెక్సిన్ జాకెట్టు గుడ్డ లాంటిది కాదు. సూది గుచ్చితే ఆ చిల్లు పూడదు. అందుకని గుండుసూదులు పెట్టలేదు. బట్టలారేసే క్లిప్పులు పెట్టింది. మిషనుకు లావు సూది ఎక్కించింది. నైలాను దారం వాడింది. కుట్టు మరీ దగ్గర దగ్గరగా వేయలేదు. దగ్గరగా వేస్తే రెక్సిన్ ఆ గీత వెంటే చినుగుతుంది.

సీటు లోపలి కొబ్బరి పీచును ఎండలో ఆరబెట్టింది. కుళ్లిన ముక్క తీసి కొత్తది పెట్టింది. పాత పీచు పట్ట పారేసింది. కింది రేకు పూర్తిగా ఆరాకే కొత్త మ్యాటు పరిచింది. తడి మీద మ్యాటు వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

నోటు పుస్తకం

ఇన్నాళ్లూ అత్త ఒక నోటు పుస్తకం రాసింది. ఏ రోజు ఏం చేశారో రాసింది. ఏం కొన్నారో, ఎంతయిందో రాసింది. బిల్లులు అందులో అంటించింది. ఒక పేజీలో ఇలా ఉంది:

"కుడి తలుపుల కింద పెట్టె రేకు పుచ్చింది. కోసి కొత్త రేకు అతికాం.
కాళ్ల కింద రేకు పుచ్చింది. కొత్తది వేశాం.
జాకీ పెట్టే చోటు వెల్డింగు చేయించాం.
ఎడమ వైపు రేకు బాగుంది.
డిక్కీ మూత మీద పట్టీ ఉంది."

కొడుకు అది చదివాడు. "డిక్కీ మీద పట్టీ ఉందని ఎందుకమ్మా రాయడం? రేటు తగ్గిస్తారు" అన్నాడు.

"ఉన్నది గనక రాశాను" అంది అత్త.

దివిసీమ నుంచి ఆ కొనేవాళ్లు వచ్చారు. అవనిగడ్డ వైపు ఊరు. భార్యాభర్తలు. వెంట ఇద్దరు పిల్లలు. భర్త ఇంజను చూస్తున్నాడు. భార్య వెనుక సీట్లో కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత దిగి మ్యాటు ఎత్తి చూసింది.

"వదినా, ఎడమ వైపు నిజంగా బాగుందా?" అని అడిగింది.

"సుత్తి ఇదుగో. తట్టి చూసుకో అమ్మా" అంది అత్త.

ఆమె తట్టింది. ఖంగుమంది.

బ్రోకరు చెప్పిన రేటు రాలేదు. డిక్కీ సంగతి చదివి కొంత తగ్గించారు. పెట్టిన ఖర్చు పోగా ఫీజులకు సరిపడా మిగిలింది. కొడుకు పేరు మార్పు ఫారాలు నింపాడు. అత్త చదివి చూశాకే సంతకాలు చేశారు. బండి అమ్మాక ఆర్‌సీలో పేరు మారాలి. మారేదాకా చట్టం దృష్టిలో యజమాని పాతవారే. దారిలో ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్ల మీదే పడుతుంది.

కారు కదిలే ముందు అత్త నోటు పుస్తకం ఆమె చేతికి ఇచ్చింది.

"ఇకమీద మీరు రాసుకోండి" అంది.

చెప్పండి

1. తుప్పు మీద రంగు వేస్తే ఎందుకు నిలవదు?
2. "మ", "వె" గుర్తులు దేనికి పెట్టారు?
3. 80, 400 అంకెల ఉప్పుకాగితాల్లో ఏది గరుకు?
4. పట్టీని ఎందుకు తడిపి రుద్దకూడదు?

చర్చించండి

1. డిక్కీ మీద పట్టీ ఉందని అత్త రాసింది. మీరైతే రాస్తారా?
2. మీ ఇంట్లో ఏ ఇనుప సామాను తొందరగా తుప్పు పడుతోంది? నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి?

చేయండి

ఇంట్లో ఉన్న రంగు డబ్బా గానీ, పురుగుమందు డబ్బా గానీ దూరం నుంచి చూడండి. దాని మీద రాసిన జాగ్రత్తలు చదవండి. రెండు జాగ్రత్తలు మీ నోటు పుస్తకంలో రాయండి.

కొత్త మాటలు

తుప్పు, రేకు, పట్టీ, ప్రైమర్, ఉప్పుకాగితం, అయస్కాంతం, రెక్సిన్, రిజిస్ట్రేషను